పెంచల దొరసాని తాళంచెవులు

పుస్తకం రాసే దొరసాని ఒకామె వస్తున్నదని ఆత్మకూరు నుంచి కబురు వచ్చింది మొదలు లిదియమ్మకు ముద్ద గొంతు దిగడం లేదు.

కబురు పంపింది పాస్టరు మాల్యాద్రిగారు. అమెరికా నుంచి మిస్ కోల్‌బర్న్ అనే ఆమె వచ్చి ఆత్మకూరులో దిగిందట. అరవై ఏళ్ళ కిందట ఉదయగిరి కొండ కింద బంగళాలో కాపురమున్న పెంచల దొరసాని జీవితం పుస్తకంగా రాస్తున్నదట. ఆ దొరసానిని కళ్ళారా చూసినవాళ్ళలో గురవమ్మ ఒక్కతే మిగిలింది కాబట్టి, శుక్రవారం పొద్దున్నే ఆమెను చూడడానికి వస్తారట. గురవమ్మ లిదియమ్మ తల్లి. ఎనభైకి దగ్గరపడిన మనిషి. చిన్నపిల్లగా ఉన్నప్పుడు బంగళాలో దొరసాని దగ్గర పని చేసింది.

"వస్తే రానీ. ఇంత మజ్జిగ ఇచ్చి పంపిస్తాం. దానికి నువ్వు ఇట్టా వొణికిపోతే ఎట్టా?" అన్నాడు ఓబులయ్య. లిదియమ్మ మొగుడు. ఇప్పుడు ఆ బంగళాకు కాపలా ఉండేది ఆయనే.

"అమ్మ నోరు నీకు తెలవదా?" అన్నది లిదియమ్మ.

ఓబులయ్యకు తెలుసు. కండువా దులుపుకుని బయటికి పోయాడు.

దొరసాని అసలు పేరు అబిగేల్ పెన్‌హాల్. ఊళ్ళో ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. తిరగక తిరగక పెన్‌హాల్ కాస్తా పెంచల అయి కూర్చుంది. కోనలో ఉండే పెంచల నరసింహస్వామి పేరు తీసుకొచ్చి యేసుప్రభువు దొరసానికి తగిలించామని ఊరందరూ నవ్వుకునేవాళ్ళట. దొరసాని కూడా నవ్వేదట. తన దేశంలో ఆమె పేరు మోసిన కవయిత్రి అనీ, ఆమె పద్యాలు అక్కడి బడిపిల్లలు వల్లె వేసేవాళ్ళనీ ఉదయగిరికి ఎప్పుడూ తెలియదు. ఉదయగిరికి తెలిసింది ఆమె తెలుగులో కట్టిన ఒక్క పాట.

పడి పడి వచ్చితినయ్యా
పట్టుకో నా చేయి

ప్రార్థనలో పాడతారు. పిల్లల్ని నిద్రపుచ్చడానికి పాడతారు. గుడికి పోయేవాళ్ళు కూడా కలుపు తీసేటప్పుడు పాడుకుంటారు. ఈమధ్య అచ్చయిన కొత్త పాటల పుస్తకంలో మాత్రం అది "పాడి పాడి వచ్చితినయ్యా" అయింది. తెల్లవాళ్ళకు దీర్ఘాలు పలకవనీ, దొరసాని ఉద్దేశం పాడి అనే అయి ఉంటుందనీ రామనారాయణగారనే తెలుగు పండితుడు సెలవిచ్చాడట. అది విని గురవమ్మ మూడు పూటలు అరిచింది. "పాడి గాదు, పడే! నా చెవులతో విన్నాను. ఆ పంతులు ఎప్పుడన్నా పడినాడా, ఆయనకేం తెలుసు!"

పడి అనే మాటలో ఏముందో లిదియమ్మకు తెలుసు. భయమల్లా అదే.

పెంచల దొరసానికి మూర్ఛ ఉండేది. నడుస్తూ నడుస్తూ పడిపోయేది. ఆ సంగతి గురవమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. దొరసాని చేతిలో చెయ్యి వేయించుకుని, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు పెట్టించుకుంది. గురవమ్మ పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కన్నది, మొగుణ్ణి మట్టి చేసింది, ఎవరికీ చెప్పలేదు. చివరికి లిదియమ్మ కూతురు ఎస్తేరు వంటింట్లో ఉన్నట్టుండి విరుచుకు పడి కొట్టుకుంటుంటే, పిల్ల చచ్చిపోతున్నదని లిదియమ్మ గుండెలు బాదుకుంటుంటే, అప్పుడు నోరు విప్పింది. "చావదే. లేస్తాది. మా దొరసాని గూడా అచ్చం ఇట్టనే. లేచి పాట కట్టేది."

అప్పటికి ఎస్తేరుకు పన్నెండేళ్ళు. ఇప్పుడు పెళ్ళీడు పిల్ల. నెల్లూరు ఆస్పత్రిలో నర్సు చదువుకు సీటు వచ్చింది. సిఫారసు చేసింది మాల్యాద్రిగారే. ఎండలు తగ్గంగానే పోయి చేరాలి. జబ్బు సంగతి మాల్యాద్రిగారికి తెలియదు. ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. తెలిస్తే ఆ సీటు పోతుంది. లిదియమ్మ ప్రార్థనలో మోకరించిన ప్రతిసారీ, ప్రభువా, ఇది అబద్ధం కాదు గదా, ఊరుకోవడమే గదా, అని అడిగేది. జవాబు వచ్చేదాకా ఆగకుండా ఆమెన్ అని లేచేది.

శుక్రవారం ముందు రోజు తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, వాళ్ళు వచ్చి ఏమడిగినా ఆ జబ్బు సంగతి ఎత్తబాకు."

"ఏ జబ్బు?"

"అదే."

"ఓ, అదా! ఎత్తితే నా నాలిక తెగిపోదా. మీ నాయనకే చెప్పలా నేను."

"నాకు చెప్పినావు గదా."

"బిడ్డ పడితే చెప్పినాను. లేకుంటే ఆ దినం పాడె మీదికి నువ్వే పొయ్యేదానివి."

"ఎస్తేరు పేరు గూడా ఎత్తబాకు. నువ్వు దొరసాని కత మొదలు పెడితే, ఆకర్న అచ్చం మన ఎస్తేరు మాదిరే అంటావు. ఆ ముక్క నోట్లోంచి రాకూడదు."

"ఏందే ఇది, మనవరాలి పేరెత్తకుండా నోటికి చిక్కం కట్టుకోవాల్నా?" అని గురవమ్మ విసుక్కుంది. కూతురి మొహం చూసి మళ్ళీ తనే తగ్గింది. "సరేలే. నువ్వు చెప్పమంటేనే చెప్తాను, సరేనా?"

పిల్లను ఆ పూట ఎక్కడికైనా పంపేస్తే పోతుందనుకుంది లిదియమ్మ. కానీ కాబోయే నర్సును దొరసానికి చూపించాలని, ఎస్తేరును ఇంట్లోనే ఉండమని మాల్యాద్రిగారు ప్రత్యేకం చెప్పి పంపారు.

శుక్రవారం జీపు వచ్చింది. మిస్ కోల్‌బర్న్ పొడుగ్గా, సన్నగా, మధ్యవయసు మనిషి. "నమస్కారం, మంచిదీ" అన్నది. ఆమెకు వచ్చిన తెలుగంతా అదే. తక్కిందంతా మాల్యాద్రిగారు అటూ ఇటూ చెప్పారు. ఎస్తేరు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. రాత్రి సరిగ్గా నిద్రపోని రోజుల్లో ఆ పిల్ల ఎడమ కనురెప్ప అదురుతుంది. లిదియమ్మ వచ్చినవాళ్ళను చూడడం లేదు, ఆ రెప్పనే చూస్తున్నది.

"ఈ పిల్లే మన నర్సు" అన్నారు మాల్యాద్రిగారు. దొరసాని ఏదో అన్నది. "చేతులు నెమ్మదిగా ఉన్నాయంట. నర్సుకు అదే ముఖ్యమంట."

లిదియమ్మ తల వంచుకుంది.

మిస్ కోల్‌బర్న్ చిన్న చిన్న సంగతులతో మొదలు పెట్టింది. పెంచల దొరసాని ఏం తినేది? ఎక్కడ కూర్చుని రాసేది?

"రాగి సంగటి అంటే పడిచచ్చేది. ఆ వరండాలో కొండవైపు తిరిగి కూర్చోని రాసేది. రాసింది రాసినట్టు చించేది" అన్నది గురవమ్మ హుషారుగా.

"చించినవి ఏమయ్యాయంట?"

"పొయ్యిలోకి. వానాకాలం పుల్లలు అంటుకోవు గదా. ఆ కాయితాలు ఎంత బాగా అంటుకునేవో!"

మాల్యాద్రిగారు అది చెప్పంగానే మిస్ కోల్‌బర్న్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. చలికాలం కూడానా అని అడిగింది. అన్ని కాలాల్లోనూ అని గురవమ్మ చెప్పింది. గుమ్మం దగ్గర ఎస్తేరు నవ్వింది. లిదియమ్మకు కూడా కాస్త ఊపిరి ఆడింది. ఇట్లాగే గడిచిపోతే ఎంత బాగుండు అనుకుంది.

తరువాత దొరసాని చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడింది. మాల్యాద్రిగారు మీసం దువ్వుకున్నారు.

"అవ్వా, ఒక మాట అడగమంటున్నది. మనసులో పెట్టుకోబాకు. పెంచల దొరసాని తాగేదా?"

"ఏంది తాగేది?"

"అదే... బ్రాందీ, సారాయి."

"నీ నోట్లో మన్ను బడ! పాస్టరువై ఉండి అడిగే మాటేనా ఇది?"

"నేను కాదు, ఈమె అడుగుతున్నది."

"అయితే ఆమె నోట్లో గూడా!"

ఆ ముక్క మాల్యాద్రిగారు ఇంగ్లీషు చెయ్యలేదు. ఆమె అడిగినదానికి కారణం మాత్రం చెప్పుకొచ్చారు. ఆ రోజుల్లో ఒక తెల్లదొర గుర్రం మీద ఊళ్ళు చూస్తూ ఇటు వచ్చాడట. పట్టపగలు బంగళా గేటు ముందు దుమ్ములో దొరసాని పడి ఉన్నదట. మాట తడబడుతున్నదట. అంత ఒళ్ళు తెలియని స్థితిలో కూడా చేతిలో తాళంచెవుల గుత్తి పట్టుకుని ఉన్నదట, ఊడదీయబోతే వదల్లేదట. అది సీసాలు దాచుకున్న బీరువా తాళాల గుత్తి అని ఆ దొర పత్రికలో రాశాడట. పత్రిక అమెరికా చేరింది. ఆమెను ఇక్కడికి పంపిన మిషను పెద్దలు వెనక్కి పిలిచారు. బడిపుస్తకాల్లోంచి ఆమె పద్యాలు తీసేశారు. పోయిన కొద్ది కాలానికే ఆమె చచ్చిపోయింది.

"ఇప్పటికీ అక్కడ ఆమె పేరు చెబితే ముందు తాళంచెవులే తలచుకుంటారంట. తాగుడు కవయిత్రి అంటారంట. ఈమె నమ్మడం లేదు. కానీ ఆ తాళాల సంగతికి మాత్రం జవాబు దొరకలేదంటున్నది."

గురవమ్మ చిన్న గొంతుతో, "గుత్తి ఇనపదా?" అన్నది.

"ఇనపదే అయి ఉంటుంది."

"అయ్యో, అది నేను గదా పెట్టింది!" అన్నది గురవమ్మ. "ఆమె పట్టుకోలేదయ్యా. నేను పెట్టినాను. నడుమున ఉండే గుత్తి తీసి, చేతిలో పెట్టి, వేళ్ళు మూసినాను. నీళ్ళకని ఇంట్లోకి ఉరికినాను. నేను తిరిగొచ్చేలోపల ఎవరో దొర వచ్చి పోయినాడు. గుర్రం దుమ్ము చూసినాను. ఇట్టా రాసినాడా ఆయన? ఇందుకా ఆమెను పంపించేసింది?"

మాల్యాద్రిగారిది ఇక్కడికి దగ్గర్లోనే, కలిగిరి పక్క పల్లె. మనిషి చేతిలో ఇనుము ఎప్పుడు పెడతారో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మెల్లగా అడిగారు.

"ఎందుకు పెట్టినావవ్వా?"

గురవమ్మ నోరు తెరిచింది. కూతురి వైపు చూసింది. నోరు మూసుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"నన్ను అడగబాకయ్యా. మా పిల్ల చెప్పబాకన్నాది."

అందరూ లిదియమ్మ వైపు తిరిగారు. తెలుగు రాని దొరసాని కూడా తిరిగింది.

"ఏం చెప్పొద్దన్నావమ్మా?" అన్నారు మాల్యాద్రిగారు.

జవాబు నాలుక చివరనే ఉంది. ముసల్దయ్యా, మతి నిలకడ లేదు, ఏందేందో మాట్లాడతాది. అంతే చాలు. పాస్టరుగారు తల ఊపుతారు. దొరసాని రాసుకునే పుస్తకం మూస్తుంది. జీపు వెళ్ళిపోతుంది. జూన్‌లో ఎస్తేరు నెల్లూరు పోతుంది. లిదియమ్మ తల్లిని చూసింది. మతి లేనిదని తాను అనబోతున్న మనిషి, పెదాలు బిగబట్టుకుని, కూతురికి ఇచ్చిన మాటకు కట్టుబడి, వెక్కుతూ కూర్చుంది. గుర్రం మీద వచ్చిన దొర కూడా ఒక్క మాటే అన్నాడు. ఆ మాట అరవై ఏళ్ళు నిలిచింది. మా అమ్మను కూడా నేను ఇట్లా ఒక్క మాటతో ఎత్తి అవతల పారేస్తానా అనుకుంది.

"మూర్ఛయ్యా" అన్నది. "పెంచల దొరసానికి మూర్ఛ ఉండినాది. అది వచ్చినప్పుడు చేతిలో ఇనుము పెడితే తగ్గుతాదని మావాళ్ళ నమ్మకం. అందుకు పెట్టినాది మా అమ్మ."

మాల్యాద్రిగారు ఇంగ్లీషులో చెప్పారు. మిస్ కోల్‌బర్న్ కుర్చీ అంచుకు జరిగింది. వెంట వెంటనే ప్రశ్నలు వేసింది. లిదియమ్మ అన్నిటికీ చెప్పింది. పడేముందు ఒక కేక వస్తుంది. కళ్ళు పైకి పోతాయి. పిడికిలి బిగుసుకుంటుంది, అప్పుడు అందులో ఏముంటే అది వదలదు. నోట నురుగు వస్తుంది. ఆగినాక నాలుక మందంగా ఉంటుంది, మాట తడబడుతుంది, తాగినవాళ్ళ మాదిరే. తరువాత నిద్ర. లేచినాక ఏమీ గుర్తుండదు.

"లేచినాక, పడినానా గురవా అని అడిగేది" అన్నది గురవమ్మ, ఇక ఒట్టు తీరిపోయినట్టు. "పడినావు దొరసానీ అనేదాన్ని. అయితే పట్టుకో అని చెయ్యి చాపేది. ఆ పాట అట్టా వచ్చినాది. పాడీ లేదు, పంతులూ లేదు."

మిస్ కోల్‌బర్న్ మళ్ళీ ఏదో అడిగింది. మాల్యాద్రిగారు అది లిదియమ్మతో నేల వైపు చూస్తూ చెప్పారు.

"ఇదంతా పక్కన ఉండి చూసినట్టు చెప్తున్నావంటమ్మా. నువ్వు పుట్టకముందు సంగతి గదా. ఎట్టా తెలుసు అంటున్నది."

మా అమ్మ చెప్పింది అని అనవచ్చు. అది కూడా నిజమే. కానీ ఆ నిజం తన నోటికి అబద్ధంలాగే తగిలింది. గుమ్మంలో ఖాళీ గ్లాసులతో ఎస్తేరు నిలబడి ఉంది. తల్లి ఏం చెప్పబోతున్నదో పిల్లకు అర్థమైంది. వద్దని తల అడ్డంగా ఊపింది.

"మా ఎస్తేరుకు ఉండాది గాబట్టి" అన్నది లిదియమ్మ.

మాల్యాద్రిగారు ఆ మాట ఇంగ్లీషు చెయ్యడానికి చాలా ఆలస్యం చేశారు. ఎస్తేరు గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

మిస్ కోల్‌బర్న్ లేచి వచ్చి గురవమ్మ ముందు నేల మీద కూర్చుంది. గురవమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నా వల్లనే గదా మా దొరసానికి ఆ పేరు వచ్చినాది. నువ్వు రాస్తే ఆ మచ్చ పోతాదా?"

"పోతుందో పోదో తెలియదంటున్నది. రాస్తానని మాత్రం అంటున్నది" అన్నారు మాల్యాద్రిగారు.

పోయేముందు ఆయన లిదియమ్మను జీపు దగ్గరికి పిలిచారు. కోపంగా లేరు. అదే ఇంకా కష్టంగా ఉంది.

"రేపు ఆస్పత్రిలో పసిబిడ్డను ఎత్తుకుని ఉన్నప్పుడు పడితే ఎట్లమ్మా?"

"ఆ మాట నేను రోజూ అనుకుంటానయ్యా."

"అనుకునీ దాచినావు."

"దాచినాను."

"డాక్టరుకు చూపించినారా?"

"చూపిస్తే తెలిసిపోతాది గదయ్యా."

"నేను రాయక తప్పదు" అన్నారు మాల్యాద్రిగారు. "నెల్లూరు ఆస్పత్రిలో డాక్టరమ్మకు అన్నీ రాస్తాను. సీటు సంగతి నా చేతుల్లో లేదు, ఉంటుందని చెప్పలేను. కానీ పిల్లను ముందు ఆమెకు చూపించు. ఇప్పుడు మాత్రలు ఉండాయి. సోమవారమే పో."

జీపు పోయింది. లిదియమ్మ ఇంట్లోకి వచ్చేసరికి ఎస్తేరు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"నా సీటు తీసుకుపోయి పెంచల దొరసానికి ఇచ్చేసినావు" అన్నది.

ఆ పిల్ల అన్నదాంట్లో లిదియమ్మకు తప్పేమీ కనబడలేదు. ఆ రోజు మోకరించినప్పుడు ఏమి అడగాలో తెలియక ఊరికే ఉండిపోయింది. ఎప్పటిలాగా వెంటనే లేవలేకపోయింది.

సోమవారం పొద్దున బస్సెక్కారు. ఎస్తేరు కిటికీ పక్కన కూర్చుంది. పిల్ల ఎడమ రెప్ప అదురుతూనే ఉంది. బస్సు గతుకుల్లో ఎగిరినప్పుడల్లా లిదియమ్మ చెయ్యి తనంతట తాను ఆ పిల్ల భుజం మీదికి పోయేది. పిల్ల ఆ చెయ్యి తీసేసేది.

ఆత్మకూరులో ఒకామె చంకలో బిడ్డతో ఎక్కింది. చెంచమ్మ అట పేరు. ఎక్కంగానే ఊరూ పేరూ అన్నీ తనే చెప్పి, లిదియమ్మ పక్కన సర్దుకుంది.

"ఎక్కడికక్కా?"

"నెల్లూరుకు."

"చుట్టాలింటికా?"

అవునంటే సరిపోయేది. ఇన్నేళ్ళూ ఇట్లాంటి వాటికి లిదియమ్మ దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. ఇప్పుడు ఎందుకో అది రాలేదు.

"ఆస్పత్రికమ్మా. మా బిడ్డకు మూర్ఛ."

చెంచమ్మ ఎస్తేరును చూసింది. ఒళ్ళో బిడ్డను మెల్లగా అవతలి పక్కకు మార్చుకుంది. లిదియమ్మ చూసింది. ఎస్తేరు కూడా చూసింది.

"బస్సులో గూడా టముకు వేయాల్నా?" అన్నది ఎస్తేరు పళ్ళ మధ్య నుంచి. మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

ఎండ ముదిరింది. సంగం దగ్గర పడుతుండగా దూరంగా పెన్న కనబడింది. అక్కడి నుంచి చల్లటి గాలి వచ్చింది. బిడ్డకు నిద్ర పట్టింది. చెంచమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, ఒకవేళ ఇప్పుడే వస్తే, నేను పక్కనే ఉండాను గదా, ఏం జెయ్యాల?"

లిదియమ్మ చెప్పడం మొదలు పెట్టింది. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టాలి, గట్టిగా అదిమి పట్టుకోకూడదు, నోట్లో ఏమీ కుక్కకూడదు.

"అరవకూడదు" అన్నది ఎస్తేరు.

ఇద్దరూ అటు చూశారు. పిల్ల కిటికీలోంచి తల తిప్పలేదు.

"మెలకువ వచ్చేటప్పుడు మనుషులు కనబడరు, ఇంకా చీకటిగానే ఉంటాది. మొదట అరుపే వినబడతాది. ఎవరో చచ్చిపోయినారని అనుకుంటాను. పేరు పెట్టి మెల్లగా పిలవండి. నా పేరు ఎస్తేరు."

"ఎస్తేరు" అన్నది చెంచమ్మ, నేర్చుకుంటున్నట్టు.

ఏడేళ్ళుగా ఆ పిల్ల పడిన ప్రతిసారీ ఆ అరుపు లిదియమ్మదే. ఆ సంగతి ఆమెకు ఈ రోజుదాకా తెలియదు.